మత్తులో ఉన్న అక్క ఏం చూసింది?

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. ముప్పై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు నేనే అలాంటిది రాస్తున్నానంటే నాకే చిరాగ్గా ఉంది. కానీ ఇది నాతోపాటే పోకూడదు.

అరవైల్లో మాట. మాది మోర్తాడ్, పసుపు పండించే ఇల్లు. అక్కను బోధన్ దగ్గర ఒక చెరుకు రైతుకిచ్చారు. ఆరేళ్ళయినా పిల్లల్లేరు. నెలనెలా నెత్తురు పోయి పోయి మనిషి పాలిపోయింది. పొట్ట మాత్రం ఐదో నెల గర్భిణిలా పెరిగింది. అక్క అత్తగారు అది ఎవరో చేయించిన బాణామతి అని తేల్చేసింది. మంత్రగాడొకడు వచ్చి కోడినెత్తురు కలిపిన పసరు తాగించాడు. కక్కుకుంటే మళ్ళీ తాగించాడట.

చివరికి మా బాపు పట్టుబట్టి నిజామాబాద్‌లో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి లేడీ డాక్టరు గర్భసంచికి గడ్డలు పట్టాయని చెప్పింది. సంచినే తీసేయడం సులువనీ, పిల్లలు కావాలంటే మాత్రం గడ్డలను ఒక్కొక్కటిగా ఒలిచి తీసి సంచిని మళ్ళీ కుట్టవచ్చనీ అంది. నెత్తురు ఆగకపోతే ప్రాణం కోసం సంచి తీయక తప్పదని కూడా చెప్పింది.

"సంచి మాత్రం ఉంచున్రి డాక్టరమ్మా" అని అక్క చేతులు జోడించింది. అంతకుమించి ఏమీ అడగలేదు.

ఆపరేషన్ పొద్దున పది గంటలకు. బాపు నెత్తురిచ్చి వార్డులో పడుకున్నాడు. బావా అత్తగారూ వరండాలో కూర్చున్నారు. నేను వాళ్ళకు బయటినుంచి చాయ్ తీసుకొని వస్తుండగా నర్సు కాగితం పట్టుకొని వరండాలోకి వచ్చింది. నెత్తురు బాగా పోతోందనీ, అవసరమైతే సంచి తీసేయడానికి భర్త సంతకం కావాలనీ బావకు చెప్పి, కలం తేవడానికి లోపలికి వెళ్ళింది.

"పెట్టు కొడుకా" అంది అత్తగారు. "గా సంచి ఉన్నా లేకున్నా ఒక్కటే. చిన్నది లేదా? దాన్ని చేస్కుందువు. ఇంటి పిల్లనే గావట్టి పెద్దది గూడ నోరెత్తది."

ఆ చిన్నది నేను. నాకప్పుడు పదహారేళ్ళు.

బావ అడ్డంగా తలైనా ఊపలేదు. నోట్లో పాన్ గోడవారన ఉమ్మి, "దాని బాపు ఒప్పుకుంటడా?" అని మాత్రం అడిగాడు. నర్సు రాగానే సంతకం పెట్టాడు. లోపల కట్టుకున్నది కడుపు కోయించుకొని పడి ఉంది, బయట వీళ్ళు పెళ్ళి మాటలాడుకుంటున్నారు. నేను స్తంభం చాటున నిలబడి అంతా విన్నాను.

సంచి తీయాల్సిన అవసరం రాలేదు. కాగితం లోపలికి వెళ్ళేసరికే నెత్తురు ఆగిందట. అందులో వింతేమీ లేదు, డాక్టరమ్మ వేసిన కుట్లు పట్టాయి. తీసిన గడ్డలను ఎనామిల్ తట్టలో పెట్టి మాకు చూపించారు. అప్పట్లో అది రివాజు. తెల్లగా, గట్టిగా, నెత్తురు జిగటతో ఏడున్నాయి. అత్తగారు ఒకదాన్ని వేలితో పొడిచి చూసి, ఆ వేలు నా ఓణీకి తుడుచుకుంది. ఆ ఓణీ నేను మళ్ళీ కట్టలేదు.

మూడోరోజుకు అక్క మాట్లాడగలిగింది. వార్డులో పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. బావ సంతకం, అత్తగారి మాట, బావ అడిగిన ప్రశ్న అన్నీ పొల్లుపోకుండా చెప్పింది. నేనైతే ఎవరికీ చెప్పలేదు, బాపుకు కూడా. వాళ్ళిద్దరూ తమంతట తాము చెప్పుకునే రకం కాదు. నర్సు ఆ మాటలప్పుడు అక్కడ లేదు. ఆ సమయంలో అక్క ముక్కుమీద మత్తిచ్చే ఈథరు మాస్కు ఉంది. వరండాకూ ఆపరేషన్ గదికీ మధ్య మూసిన తలుపులు రెండు, పొడుగాటి నడవా ఒకటి. తర్వాత నేనే వెళ్ళి చూసి వచ్చాను.

"ఎవలు చెప్పిన్రక్కా?" అని అడిగాను.

"ఎవలు చెప్తరు? నేను ఆడనే ఉన్న గదా, స్తంభం సాటుకు, నీ పక్కపొంటి. నువ్వేమన్న అంటవేమో అని సూస్తున్న."

మొహం గోడవైపు తిప్పుకుంది.

"గన్ని ఇని గూడ ఆల్లకు చాయ్ ఇస్తివి" అంది.

ఔను, ఇచ్చాను. ఇద్దరికీ నా చేత్తోనే గ్లాసులు అందించాను. వాళ్ళ మీద ఎంత రోత పుట్టిందో, నా మీద నాకు అంతకన్నా ఎక్కువ పుట్టింది.

మత్తులో ఉన్నవాళ్ళకు గదిలో మాటలు వినిపించవచ్చని చాలా ఏళ్ళ తర్వాత ఒక డాక్టరు నాతో అన్నాడు. రెండు తలుపుల అవతలివాళ్ళు ఏం చేస్తున్నారో ఎలా కనిపిస్తుందని అడిగితే నవ్వి మాట మార్చాడు.

అక్కకు తర్వాత కూతురు పుట్టింది. రెండో పెళ్ళి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ అత్తగారు మనవరాలిని ఒళ్ళో వేసుకొని మురిసిపోతుంటే నేను పెరట్లోకి పోయేదాన్ని. అక్క నాతో బాగానే ఉండేది, నవ్వేది, కష్టసుఖాలు చెప్పుకునేది. కానీ బతికున్నన్నాళ్ళూ, మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా, నా చేతి చాయ్ మాత్రం ముట్టలేదు.