జలదారి పక్కన పాతిన తాటిటెంక

మా చిన్నతనంలో ఆవణి నెల... అంటే శ్రావణ భాద్రపదాలు... వచ్చిందంటే మా ఊరి పక్కన మనలి నించి తాటిపండ్లు గంపల్లో వచ్చేవి... ఇప్పుడు పొగగొట్టాలు ఉండే చోటంతా అప్పుడు తాటితోపులే. గంప దించేలోగానే రాయపురంలో మా వీధంతా ఆ వాసన. పండు తిన్నాక పీచు అంటుకోనుండే టెంకల్ని మా జేజి... అంటే మా నాయన్ని కన్నతల్లి... పెరట్లో ఇసకదిబ్బ మీద వరసగా పేర్చేది. మూణ్ణాలుగు నెలలు నీళ్ళు చల్లితే కింద తేగ దిగుతాది. తవ్వి, ఇంత ఉప్పూ పసుపూ వేసి ఉడకబెట్టేది.

నాకు అచ్చరం ముక్క రాదు. నేను చెప్తా ఉంటే మా అన్న మనవరాలు పవిత్ర ఫోన్లో ఎక్కిస్తా ఉంది. "అవ్వా, షార్ట్‌గా చెప్పు, ఇంత పెద్దది ఎవురూ చదవరు" అంటాది. చదవకపోతే పోనీ. నేను చెప్పాల్సింది నేను చెప్తా.

ఎందుకు చెప్తా ఉండానంటే... మా పెరట్లో వాడిన నీళ్ళు పొయ్యే జలదారి పక్కన ఒక తాటిచెట్టు ఉంది. పవిత్ర వాళ్ళ నాయన, అంటే మా అన్న కొడుకు మురళి, ఆడ కారుకి షెడ్డు కడతాడంట. నేల మీద సున్నంతో గీత గూడా గీసేసినాడు. చెట్టు గీత లోపల పడింది. సోమవారం కోసేవాళ్ళు వస్తారు.

"అత్తా, అది పోతుతాడి. కాయా లేదు, పండూ లేదు. ఎవురన్నా నాటినారా దాన్ని? దానంతట అదే మొలిచింది. దీనికింత గలాటా ఎందుకు?" అన్నాడు.

వీధిలో అందురిదీ అదే మాట. దానంతట అదే మొలిచిందంట.

దానంతట అది మొలవలా. నేను నాటినా.

తేగలు పంచేటప్పుడు జేజి మొగపిల్లోళ్ళకి రెండు, ఆడపిల్లకి ఒకటి ఇచ్చేది. "ఇంకో ఇంటికి పొయ్యేదానివి, నీకెందుకే అంత బలం?" అనేది. నాకు ఏడేండ్లు. ఆ ఏడు దిబ్బ మీద నించి ఒక టెంక తీసుకోనిపొయి, నీళ్ళు పోసుకునే బండ ఎనకాల, జలదారి పక్కన పాతిపెట్టినా. ఇంటిల్లిపాది స్నానం నీళ్ళు ఆడికే పోతాయి, నేను తడిపే పని లేదు. దొంగతనమని ఇప్పుడూ అనుకోను. అది నా రెండో తేగ.

తెల్లారి జేజి లెక్కేసింది. ఒకటి తక్కువ...

మా అన్న అంతకుముందు ఎండాకాలంలో ముంజకాయలు ఎత్తుకోనిపొయి బండి చేసుకున్నోడు గదా, పేరు వానిమీదికే వచ్చింది. మా నాయనకి సౌకార్‌పేటలో తాళ్ళ అంగడి. తాడుముక్కకి ఎతుక్కోబన్లా. ఆరు దెబ్బలు. "నేను తియ్యలా నాయనా, నేను తియ్యలా" అని అన్న అరస్తానే ఉండాడు. నేను గడప పట్టుకోని నిలబడి చూసినా. నోరు తెరవలా.

ఇంక దాన్ని తవ్వేది ఎట్లా? తవ్వితే దొరికిపోతా. మార్గళి నెలలో, అదే ధనుర్మాసంలో, అందురూ తేగలు తిన్నారు, నాది మాత్రం భూమిలోనే ఉంది. ఆ పైన ఒక పచ్చాకు కత్తి మాదిరి పైకి లేచింది. ఆకు లేస్తే తేగంతా పీచే, తినేదానికి పనికిరాదు. జేజి చూసి "ఇంట్లో తాటిచెట్టు ఏందే!" అని పట్టుకోని లాగింది. ఆకు తెగి చేతికొచ్చింది గానీ మొక్క కదల్లా. మళ్ళీ లేచింది. "ఎక్కడి టెంకో దొర్లుకోని వచ్చి మొలిచినట్టుంది" అనేసి వదిలేసింది. ఆ మాటే ఇన్నేండ్లూ నిలిచిపొయింది.

తాటికి తొందర లేదు. నా పెండ్లినాటికి గూడా మాను కట్టలా, నేల మీద విసనకర్రలు గుచ్చినట్టు ఆకులే. మొగుడు పొయి నేను అన్న ఇంటికి తిరిగొచ్చేనాటికి మేడకి సమానం అయింది. ఈడ సముద్రం గాలికి ఇనప తలుపే ఉప్పు పట్టి రాలిపోతాది. జామ పెట్టినాము, మాడిపొయింది. కొబ్బరి రెండు పెట్టినాము... ఒకటి పెద్దగాలికి తల తిరిగి పడింది, ఇంకోదాని మొవ్వలో కొమ్ముపురుగు దూరింది. దీనికి స్నానం నీళ్ళు తప్ప ఒక చెంబుడు పోసినోళ్ళు లేరు. నిలబడింది.

కాయదు, నిజమే. దీని పుప్పొడి గాలికి పోకపోతే పక్కవీధిలో ఆడచెట్టుకి ముంజలు ఎట్లా వస్తాయి? ఎండాకాలం ఆ ముంజలు జుర్రుకునేటప్పుడు, వీటికి తండ్రి ఎవురని మురళి అడగలా.

ఇంతవరకూ చెప్పి ఆపినా. పవిత్రని గట్టిగా చదవమన్నా. మా అన్నకి చెవులు మందం, పక్కనే ఈజీచేర్లో ఉండాడు. మురళీ ఉండాడు.

చదివేసినాక మా అన్న ఈజీచేర్లో ముందుకి జరిగినాడు. ఎనభై దాటినోడు. నా పక్క తిరిగి,

"ఆరు గాదు మే. ఎనిమిది" అన్నాడు.

మళ్ళీ కొడుకు పక్క తిరిగి, "నాటింది అది. దెబ్బలు తినింది నేను. మధ్యలో కోసేదానికి నువ్వెవురు రా?" అన్నాడు.

"కారు ఎండలో ఉంటాది నాయనా..."

"ఉండనీ. అదేమన్నా బాలింతా?"

పవిత్ర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని నవ్వింది. మురళి లేచి లోపలికి పొయినాడు.

మిగిలింది ఈ పొద్దు చెప్తా ఉండా. పొద్దున లేచి చూస్తే సున్నం గీత నాలుగడుగులు ఇవతలికి జరిగి ఉంది, చెట్టు గీత బయట ఉంది. మురళి నాతో ఇంకా మాట్లాడలా. మాట్లాడతాడు, తొందర లేదు.

మనలిలో ఇప్పుడు తోపులు లేవు. తేగలు ఎక్కడి నించో కట్టలు కట్టుకోని మార్కెట్టుకి వస్తాయి. వదిలేస్తే అది చెట్టు అయ్యేదని తినే పిల్లోళ్ళకి తెలీదు...

మీ ఇంట్లో గూడా దానంతట అదే మొలిచిందని చెప్పుకునే చెట్టు ఏదన్నా ఉంటే, పెద్దోళ్ళు బతికుండంగానే అడిగి ఈడ రాయండి, పవిత్ర నాకు చదివి వినిపిస్తాది. మీరే నాటుంటే ఒప్పేసుకోండి. ఇప్పుడు ఎవురూ కొట్టరు.