ఆఫీసరు అనని మాట

పదేళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువే. కానీ తలచుకుంటే ఏడుపు రాదు, నవ్వొస్తుంది. ఆ నవ్వే నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేస్తోంది. ఇంట్లోవాళ్లకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను.

మాది ఖరగ్‌పూర్, నిమ్‌పురా రైల్వే క్వార్టర్స్. ప్రేమ్ బజార్‌లో అద్దెకుండే ఒక మాస్టారి దగ్గర కొన్నాళ్లు జపనీస్ నేర్చుకున్నాను. అంతే, కాలనీలో పండితురాలినైపోయాను. సినిమా పిచ్చి ఉన్న కాలేజీ కుర్రాళ్లు ఒకసారి మా తెలుగు సంఘం హాల్లో తెర కట్టారు. యుద్ధకాలంలో జపాన్ సర్కారు తన గొప్ప చాటుకోవడానికి తీయించిన సినిమా. కింద అర్థం చెప్పే అక్షరాలు లేవు. పక్కన నిలబడి తెలుగులో చెప్పమని మైకు నా చేతికిచ్చారు.

మొదట బుద్ధిగానే చెప్పాను. పెద్దవాళ్లు ఆవులించారు. అర్థం కానిచోట సొంత కవిత్వం కలిపాను. ఒక జపాన్ సిపాయి చేత మనవైపు తాగే చోడి అంబలి అడిగించాను. హాలంతా గొల్లుమంది. ఇక నన్ను పట్టేదెవరు?

అంతలో తెర మీదికి బర్మా వచ్చింది. ఊళ్లోకి సైన్యం దిగుతోంది, ఆఫీసరు జెండా పట్టుకుని గెలిచామని గర్జిస్తున్నాడు. ఆ ముక్క నాకు బాగానే అర్థమైంది. ముందు వరసలోంచి మా వీధి అప్పలనరసమ్మ మామ్మ లేచింది. రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డప్పుడు, తల్లి చెయ్యి పట్టుకుని అడవుల్లో నడిచొచ్చిన పిల్ల ఆమె. తల్లి దారిలోనే పోయింది. రంగూన్ పేరు ఆమె నోట అప్పటిదాకా మేమెప్పుడూ వినలేదు.

"ఏటే అమ్మీ, ఆడేటంతన్నాడు?"

"తప్పయిపోనాది, మమ్మల్ని ఛమించండి అంతన్నాడు మామ్మా."

ఎందుకలా అన్నాను? జాలా? చప్పట్ల మత్తా? ఇప్పటికీ తేల్చుకోలేను.

మామ్మ నడుం మీద చెయ్యేసుకుని తెరకేసి చూసింది. "ఇప్పటికి బుద్దొచ్చినాదా ఎదవకి! పోన్లే," అని పకపకా నవ్వింది. మర్నాడే మా ఇంటికి బూరెలొచ్చాయి. అప్పటి నుంచి రంగూన్ కబుర్లు మొదలుపెట్టింది. ట్రాములట, అమ్మ కొనిపెట్టిన గాజులట, బియ్యం మిల్లు దగ్గర మనవాళ్లాడిన వీధి నాటకాలట. వీధి పిల్లలంతా ఆమె అరుగు మీదే. ఆ సాయంత్రాలంత సంతోషం నేనింకెక్కడా ఎరగను. అయినా, అబద్ధం చాటడానికి తీసిన సినిమా మీద నేనింకో అబద్ధం కప్పాను కదా? ఆమెకు రావలసిన క్షమాపణను కల్పించి ఇచ్చే హక్కు నాకెవరిచ్చారు? ఆ సైన్యాన్ని వెనకేసుకొచ్చినట్టు కాలేదా? ఇంత తెలిసీ, మామ్మ నవ్వితే నాకూ నవ్వొచ్చేస్తుంది.

ఇప్పుడు మామ్మ మంచం పట్టింది. మొన్న పడుకునే నా చెంప తడిమింది. "నాను పోయాక మాయమ్మ కనబడితే ముందు ఈ ముక్కే సెప్తాను. ఆడు తప్పొప్పుకున్నాడే అమ్మా అని. ఎంత సంబరపడతాదో!" అంది. తల్లికి అప్పుడే చెప్పేసినట్టు మొహం వెలిగిపోయింది.

చెప్పాల్సిన క్షణం అదే. నోరు రాలేదు. రేపూ రాదేమో. మీకు మాత్రం చెబుతున్నాను. తెర మీద ఎవరూ క్షమించమనలేదు. హమ్మయ్య, ఒక్కరికైనా చెప్పాను.