అక్కకు చెప్పని సగం

కొన్నేళ్లు ఒక మనిషి మాటలు మోశాను. అవి ఒక డాక్టరువి. వాటిని తెలుగు చేసి మా అక్కకు అందించడమే ఆ రోజు నా పని. సగమే అందించాను. మిగతా సగం నా దగ్గరే ఉండిపోయింది. పెద్ద బరువేం కాదు, తినేటప్పుడూ పడుకునేటప్పుడూ మాత్రమే తెలిసేది. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మాది మరాఠీ ప్రాంతంలోని బల్లార్‌పూర్. అమ్మ పోయాక అక్క బడి మానేసి నన్ను పెంచింది. నన్ను మరాఠీ బడికి పంపి, సాయంత్రాలు పలక ముందేసి తెలుగు అక్షరాలు తనే దిద్దించింది. మీరు చదువుతున్నవి ఆ అక్షరాలే. తనకు మాత్రం మరాఠీ కూరగాయల బేరం వరకే వచ్చు. ఆదివారాలు చర్చిలో పిల్లలకు కథలు చెప్పేది. తుఫానులో చిక్కిన పడవ కథ చెబితే ముందు వరుస పిల్లలు బెంచీ గట్టిగా పట్టుకునేవారు.

ఒక ఆదివారం కథ మధ్యలో ఆమె నాలుక మొద్దుబారింది. కుడిచేయి వాలిపోయింది. కాసేపటికి సర్దుకుని, ఎండదెబ్బ అంది. మా జిల్లాలో ఏ జబ్బునైనా ఎండ మీదికి తోసేయొచ్చు. మళ్లీ అలాగే అయ్యేసరికి నాగ్‌పూర్ తీసుకెళ్లాను. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని ఎడమవైపు దాదాపు మూసుకుపోయిందన్నారు.

డాక్టరు మంచివాడు. ఓపిగ్గా మరాఠీలో చెప్పాడు. ముంజేతి నుంచి ధమని ముక్క తీసి, మెడలోని రక్తనాళం నుంచి మెదడులోకి పక్కదారి వేయవచ్చు. అలా చేస్తే పెద్ద పక్షవాతం తప్పే అవకాశం ఉంది. కానీ ఆ ఆపరేషన్‌లోనే మాట దెబ్బతినే ప్రమాదమూ ఉంది. మందులు మార్చి కొన్నాళ్లు చూడటం కూడా తప్పు కాదు. నిర్ణయం ఆమెదే, అడగండి, అన్నాడు.

అక్క నా మోచేయి పట్టుకుంది. "ఏమంటున్నడురా?"

"మా సిమెంటు ప్లాంటుల లైను జామైతే పక్కకెల్లి బైపాస్ ఏస్తం చూడు, గదేనక్కా. చేతిలకెల్లి పైపు దీసి తలకాయల పెడ్తరట."

"గంతసేపు మాట్లాడిండు, గింతేనా?"

"మరాఠీల ఏదైనా పొడుగే ఉంటది."

ఆమె నవ్వలేదు. "నా మాటకేం గాదు గదరా?"

"నీ మాట పోతే మాకే ఆరామక్కా. గంత నసీబు మాకేడిది?"

అప్పుడు నవ్వింది. "సరె, కానీయ్" అంది.

అన్నీ చెప్పారా అని డాక్టరు అడిగాడు. 'హో, సగళం సాంగితలం' అన్నాను, అవును అంతా చెప్పానని. అక్క నాకు రెండు భాషలు నేర్పించింది. రెంటిలోనూ అబద్ధమాడగలిగాను.

ఎందుకు చేశాను? భయం. ఆగే వీలుందని తెలిస్తే అక్క ఆగుతుందని నాకు తెలుసు. ఆగితే ఒకరోజు నేను డ్యూటీలో ఉండగా వంటింట్లో పడిపోతుందని కూడా తెలుసనుకున్నాను. ప్రేమ అని కూడా అనొచ్చు. కానీ నేను ఉప్పర్వాహి వైపు సిమెంటు ప్లాంటులో మెయింటెనెన్స్ ఇంజనీరుని. ఫిట్టరు వాల్వు మీద చేయి వేసే ముందు, ఆ పనిలో ప్రమాదమేంటో అతని భాషలో చెప్పాలి, అతనితో తిరిగి చెప్పించుకోవాలి. చెప్పకుండా పని మొదలుపెట్టించిన సూపర్‌వైజర్లను నేనే కేకలేస్తాను. నా ఫిట్టరుకిచ్చే మర్యాద మా అక్కకు ఇవ్వలేకపోయానా?

ఆపరేషన్ సవ్యంగానే జరిగింది. కొత్త దారిలో రక్తం పారుతోంది, పక్షవాతం రాలేదు. అక్కకు అన్నీ అర్థమవుతాయి. కానీ ఆపరేషన్ నుంచి లేచాక వస్తువుల పేర్లు నోటికి రావు. పడవ దగ్గర ఆగిపోతుంది, గాలి దగ్గర ఆగిపోతుంది. పిల్లలకు ఇప్పుడు వేరే ఆవిడ కథలు చెబుతోంది, అక్క చివరి బెంచీలో కూర్చుంటుంది. ఎవరైనా పలకరిస్తే, డాక్టరు చెప్పింది మా తమ్ముడు పొల్లుపోకుండా చెప్పాడు, అందుకే ధైర్యం చేశానంటుంది. ఎన్నిసార్లు చెప్పిందో, ఆ ఒక్క వాక్యం మాత్రం ఎక్కడా ఆగదు.

అంతా చెప్పి ఉంటే కూడా సరేననేదేమో. అనకపోయేదేమో. ఆమెకు కూడా ఇక తెలిసే వీల్లేదు. ఆమె నుంచి నేను తీసుకున్నది అదే.

మొన్న చర్చి నుంచి వచ్చాక వరండాలో అక్క చిక్కుడుకాయలు తుంచుతుంటే తనకు చెప్పేశాను. జోకులేం వేయలేదు. మాట పోవచ్చన్నాడని, మందులతో ఆగవచ్చన్నాడని, నిర్ణయం నీదేనన్నాడని, వరుసగా. చెప్పాక ఒళ్లు తేలికైంది, సిగ్గుపడాల్సినంత.

అక్క చేతులు ఆగాయి. నా వైపు చూసి నోరు తెరిచింది. మాట రాలేదు. మామూలుగా అలాంటప్పుడు నేనే ఏదో ఒకటి అందిస్తాను, తను తలూపుతుంది. ఈసారి నోరు మూసుకుని కూర్చున్నాను. చాలాసేపు వెతుక్కుంది. తర్వాత మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది.

ఆ మాట ఇంకా రాలేదు. అది నేను అందించను.