నల్లది తీసేసిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు తెలియనిది కూడా ఒకటుందని ఎవరైనా అంటే నవ్వొచ్చేది. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. సైదాబాద్‌లో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అమ్మ కుట్టు మిషన్ పక్కన, నా చదువు కోసం బాపు కొన్న కంప్యూటర్ ఉండేది. అందరికీ ఉన్న విండోసే నాకూ ఉంటే ఇక నా గొప్పేముంది? అందుకని దాని పక్కన లైనక్స్ కూడా ఎక్కించాను. (వాల్‌పేపర్ మార్చడం తప్ప నాకు అందులో ఏమీ వచ్చేది కాదు. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.) అప్పటినుంచి స్విచ్ వేయగానే నల్లటి తెర మీద రెండు పేర్లు కనబడేవి. పది లెక్కపెట్టేలోగా మీట నొక్కి విండోస్‌ను ఎంచుకోవాలి, లేదంటే లైనక్స్ తనంతట తానే మొదలయ్యేది. ఆ తెరకు మా ఇంట్లో పేరు 'నల్లది'.

బాపు కంచన్‌బాగ్‌లో ఒక లోహాల కార్ఖానాలో ఫర్నేస్ దగ్గర పనిచేసేవాడు. వేడికి మొద్దుబారిన వేళ్లాయనవి. మీట ఒకసారి నొక్కుదామనుకుంటే మూడుసార్లు పడేది. "బిడ్డా, జల్ది రా! నల్లదొచ్చింది! ఆరైంది, ఏడైంది!" అని కేక వేసేవాడు. నేను తల తుడుచుకుంటూనో, నోట్లో బ్రష్షుతోనో పరుగెత్తుకొచ్చి, ఒక్క మీట నొక్కి, డాక్టరమ్మలా వెళ్లిపోయేదాన్ని. "గిది కంప్యూటరా, ప్రెషర్ కుక్కరా? ఎప్పుడు జూసినా ఉరుకుడే" అని అమ్మ విసుక్కునేది. నాకు మాత్రం ఆ ఉరుకుడు మస్తు ఇష్టంగా ఉండేది. నేను లేనిదే ఇంట్లో ఒక పని కాదన్న సంబరం అది.

బాపుకు కంప్యూటర్‌తో ఏం పనంటారా? ఆయన రిటైర్ కాబోతున్నాడు. ఫర్నేస్ దగ్గర ఎటు నిలబడాలి, చప్పుడు మారితే ఏం చేయాలి, ఏ పొరపాటుకు ఎవరి చేయి కాలింది, ఇవన్నీ కొత్తగా చేరిన పిల్లలకు చెప్పాలని ఆయన కోరిక. (కార్ఖానా రహస్యాలేమీ కావు, ఒళ్లు కాపాడుకునే సంగతులే.) కానీ నలుగురి ముందు నిలబడితే బాపుకు గొంతు పెగలదు. అందుకే రెండు వేళ్లతో, నెలల తరబడి, నలభై పేజీలు టైప్ చేశాడు. సోమవారం వీడ్కోలు సభలో ఆ కాగితాలు తలా ఒక కట్ట పంచి, మాట్లాడకుండా గట్టెక్కుదామని ఆయన ఆశ. ఆదివారం పొద్దున ఆఖరి పేజీ అయింది. ప్రింట్ తీయించడానికి పెన్‌డ్రైవ్‌లో ఎక్కిద్దామని దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని కూర్చున్నాడు.

సరిగ్గా ఆ పొద్దునే నాకు పితృభక్తి పొంగింది. అంతకు వారం ముందే ఉద్యోగంలో చేరాను. "నువ్వు ఆఫీసుకు పోతే నల్లదాన్ని ఎవరు జూస్తరు బిడ్డా? తీసెయ్యరాదూ?" అని బాపు అడిగి ఉన్నాడు. సరే, ఇప్పుడే తీసేస్తానని కుర్చీలో కూర్చున్నాను.

"పాత లైన్ పీకేముందు బైపాస్ జూసుకున్నవా? దాని మీద ఇంకేమన్నా నడుస్తుందేమో?" అన్నాడు బాపు. (ఫర్నేస్ దగ్గర ఒక లైన్ తీసేముందు, పని ఆగకుండా పెట్టుకునే పక్కదారి అది.)

"బాపూ, ఇది ఫర్నేస్ కాదు" అన్నాను, నవ్వి.

విండోస్‌లోంచే లైనక్స్ ఉన్న భాగాన్ని చెరిపేశాను. రెండు నిమిషాల పని. ఆపి మళ్లీ స్విచ్ వేశాను. రెండు పేర్లూ రాలేదు, విండోసూ రాలేదు. నల్లటి తెర మీద ఒక్క తెల్లటి గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. విండోస్‌కు దారి చూపించేది ఆ నల్లదే, దాని సరంజామా అంతా నేను చెరిపిన భాగంలోనే ఉంది. ఆ ముక్క నాకు తెలియదు. నలభై పేజీలూ పోయాయనే అనుకున్నాను.

బాపు తిట్టి ఉంటే బాగుండేది. "అయితదిలే" అని మంచం మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం ఒకసారి, "చార్మినార్ కాడ రిపేర్ భాయ్ ఉన్నడు గద, తీస్కపోదమా?" అని మెల్లగా అడిగాడు. కొత్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని రిపేర్ షాపుకు పోవడమా! "నేను చేస్త" అన్నాను. తెలిసిన మీటలన్నీ నొక్కాను, తెలియనివి కూడా నొక్కాను. దుకాణాలు మూసే వేళకు ఏడుపొచ్చింది.

సోమవారం బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఖాళీ పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకునే వెళ్లాడు. ఎందుకు తీసుకెళ్లాడో నేను అడగలేదు. అక్కడే పనిచేసే పక్కింటి అన్న సాయంత్రం చెప్పాడు: "మైకిస్తే 'అందరు పైలంగుండుండ్రి' అన్నడు, కూసున్నడు. గంతే." నలభై పేజీల జాగ్రత్తలూ ఆ ఒక్క మాటయ్యాయి. శాలువా, గోడ గడియారం పట్టుకుని బాపు ఇంటికొచ్చాడు.

మంగళవారం కంప్యూటర్ డబ్బాను అమ్మ పాత చీరలో చుట్టి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ఆటోలో చార్మినార్ వెళ్లాను. గాజుల దుకాణాల వెనక గల్లీలో ఉండే రిపేర్ భాయ్ విండోస్ డిస్క్ పెట్టి, ఒకే ఒక్క వరుస టైప్ చేశాడు. "ఫికర్ మత్ కరో బేటీ. సామాను మొత్తం లోపల్నే ఉన్నది. దర్వాజ ఒక్కటే పీకినవ్." చాయ్ చల్లారేలోపు విండోస్ వచ్చింది. నలభై పేజీలూ ఉన్నాయి. అక్కడే ప్రింట్ తీయించి, ఇంటికి పరుగున వచ్చి బాపు చేతిలో పెట్టాను.

ఆయన పేజీలన్నీ తిప్పి, అంచులు సరిచేశాడు. "మంచిగొచ్చినయ్ బిడ్డా" అన్నాడు. కట్టను ఒళ్లో పెట్టుకుని, "సభ అయిపాయె. ఇగ ఎవరికియ్యాలె?" అన్నాడు.

ఆ కాగితాలు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. ఆఫీసులో ఏ పాత సిస్టమ్ తీసేయాలన్నా నేను ముందు అడిగేది, "బైపాస్ చూసుకున్నారా?" అనే. నా టీమ్ పిల్లలు చాటున నవ్వుకుంటారు. (నవ్వనీ, నేనూ నవ్విన దాన్నే.) బాపుకు నిరుడు కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చాను. అందులో నల్లదీ లేదు, గిల్లదీ లేదు. అయినా స్విచ్ నొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకుని, పెదవులు కదుపుతూ పది లెక్కపెడతాడు. ఏడు దాకా వచ్చాక నావైపు చూస్తాడు. తల తడిగా ఉన్నా పరుగెత్తుకొచ్చిన ఆ గొప్పల పిల్ల గుర్తొచ్చి నాకు నవ్వొస్తుంది. లేచి వెళ్లి, అక్కర్లేకపోయినా, ఒక మీట నొక్కి వస్తాను.