గుండమంటే నీళ్లని తెలియక

నా భార్యకు ఈత వచ్చని పెళ్లినాటి నుంచీ తెలుసు. ఆమె ఈదడం చూసింది మాత్రం మొన్నటి చలికాలంలోనే. ఎమ్మిగనూరులో ఎవరు ఎక్కడ ఈదుతారు? కొళాయి ముందు బిందెలు వరస పెట్టుకునే వీధి మాది. నేను పుట్టింది తుగ్గలి పక్క. అక్కడ బావిలోకి వంగి చూస్తే గానీ నీళ్లు కనబడేవి కావు. ఆమెది మంత్రాలయం దగ్గర, తుంగభద్ర ఒడ్డున ఉన్న పల్లె. ఈత నేర్పింది వాళ్ల మేనత్త కొడుకు. ఆమెను ఆయనకే ఇవ్వాలని ముందు అనుకున్నారు. పెద్దవాళ్ల పంతాల వల్ల కుదరక నాకిచ్చారు. వావి ప్రకారం ఆయన నాకు అన్న. నోటితో అన్నా అనే పిలుస్తాను. లోపల వేరే పేర్లున్నాయి.

ఆ చలికాలం మేము తిరుపతికి పోతే ఆ అన్న కూడా మాతో వచ్చాడు. దర్శనం అయ్యాక, శేషాచలం అడవిలో, జాతీయ పార్కు లోపలికి నడిచిపోతే గుండాలున్నాయి, చూసొద్దామన్నది ఆయనే. నా భార్య ముఖం వెలిగింది. నేను స్వయంగా నేసి ఇచ్చిన చీరకు కూడా అంత వెలగలేదు.

మా వైపు గుండం అంటే నిప్పులదే. పీర్ల పండక్కి చావిడి ముందు గుంత తవ్వి, కట్టెలు కాల్చి, ఆ నిప్పుల మీద నడుస్తారు. వయసులో ఉన్నప్పుడు నేనూ నడిచాను. కొండల్లో ఏదో దేవుడి దగ్గర అట్లాంటిదే ఉంటుందనుకుని దారంతా గొప్పలు పోయాను. గుండంలో దిగుతావా అని ఆయన అడిగితే, అందరికంటే ముందు దిగేది నేనేనన్నాను. నా భార్య నన్ను వింతగా చూసింది. ఆయన నవ్వి, "సరే తమ్ముడా, నీ యనకాలే మేము" అన్నాడు.

రాళ్ల దారి. ఆయన ముందు, ఆయన వెనక ఆమె, తర్వాత నేను, నా వెనక పార్కు గార్డు. గుంత మగ్గంలో కూర్చుని అరిగిన మోకాళ్లు నావి, దిగుడు దారి వాటికి పడదు. ముందు వాళ్ల మాటలు సగం సగం వినబడుతున్నాయి. ఏదో మడుగు, మొసలి ఉందని ఎవరో భయపెట్టడం, ఈమె చెప్పు ఏట్లో కొట్టుకుపోవడం. ఇన్నేళ్ల కాపురంలో ఆ చెప్పు సంగతి నాకు చెప్పలేదు.

చివరికి అటవీ శాఖ బోర్డు వచ్చింది. యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది నా భార్యే. అప్పటి నుంచి బోర్డు కనబడితే పైకి చదవకుండా ఉండలేను. గుండం లోతు ఎక్కువ, ఈత రానివారు దిగరాదు అని కూడబలుక్కుని చదివాను. నిప్పుల్లో ఈతేమిటి? తలెత్తి చూస్తే బండల మధ్య పచ్చటి నీళ్లు.

"దిగు తమ్ముడా, ముందు నువ్వే కదా."

నిప్పుల గుండం అనుకున్నానని ఉన్నమాట చెప్పాను. ఆయన బండ మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. మా వెంట వచ్చిన గార్డూ నవ్వాడు. నా భార్య నవ్వలేదు. కొంగు నడుముకు బిగించి, గోచీ పోసుకుని నీళ్లలోకి జారింది.

అరవై దాటిన మనిషి. ఇంట్లో మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటుంది. ఇక్కడ చప్పుడు లేకుండా అవతలి బండ తాకి, వెల్లకిలా తిరిగి వచ్చింది. కాళ్లు మడవొద్దని ఆయన ఒడ్డు నుంచి చెప్పడం, ఆమె వినడం. ఇంట్లో నేను చెబితే ఏది వింటుంది? ఆమె ఒళ్లు ఇంత తేలికని నాకంటే ముందు వేరొకడికి తెలుసు. కడుపు మండింది. ముసలివాడికి కూడా మండుతుంది.

ఆయన చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. అది చూసి నేను పంచెతోనే నీళ్లలో అడుగు పెట్టాను. పాచి పట్టిన రాయి. జారి చతికిలబడ్డాను. నీళ్లు మెడదాకా వచ్చాయి, చలికి ఊపిరి ఆడలేదు. పట్టుకుంటానుండమని ఆయన లేచాడు.

"నువ్వు ఆడనే ఉండు బావా," అంది నా భార్య. "ఈయప్పను నేను సూసుకుంటా."

నా పొట్ట కింద అరచెయ్యి పెట్టి పడుకోమంది. పడుకున్నాను. మునగలేదు. కాళ్లు వాటంతటవే పైకి తేలాయి.

"ఇట్ల పట్టుకునేది యాడ నేర్సినావు?" అని అడిగాను.

"ఇంకేడ? బావ నన్ను ఇట్లనే పట్టుకుంటాండె."

నోట్లోకి నీళ్లు పోయాయి. లేవబోయాను. ఆమె చెయ్యి తియ్యలేదు.

"కదలద్దప్పా. అప్పుడు నేను పావడాలు కట్టే పిల్లని."

పావడాలైతే ఏమి, ఆ చెయ్యి ఆయనదే కదా. అసూయ తీరిపోయిందని రాస్తే అబద్ధం. కానీ తల తిప్పి చూస్తే, ఆయన విప్పిన గుండీలు మళ్లీ పెట్టుకుంటున్నాడు. నాకు సంతోషమైంది. ఇంకాసేపు అట్లాగే పట్టుకోమని నా భార్యను అడిగాను, ఒడ్డుకు వినబడేటట్టు.