తూములోంచి వైరు

మా ఇంటి రూటరుకు కొమ్ములు లేవు. అందరిళ్లలో ఉండేవాటికి పైన రెండో నాలుగో కొమ్ములుంటాయి, వాటి పుణ్యాన ఇంటర్నెట్టు గాల్లోనే గదిగదికీ పోతుంది. మాదానికి వెనకవైపు, లైను వచ్చేది కాక, నాలుగు బెజ్జాలు మాత్రమే. వైరు గుచ్చితేనే పని.

తెలిసి కొన్నది కాదు. నేను ప్రొద్దుటూరులో బట్టలంగడిలో పుట్టి పెరిగినదాన్ని. బేరమాడడంలో నన్ను మించినవాళ్లు లేరని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే పుట్టింటికి పోయినప్పుడు అక్కడి అంగట్లో దీని ధరను సగానికి దించాను. అమ్మేవాడు మొహం కూడా ముడుచుకోలేదు. "సరే తీస్కోమ్మా" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకుంటే సరుకు అక్కడే పెట్టి లేచి రావాలని మా నాయన చిన్నప్పుడే నేర్పాడు. గెలిచిన సంతోషంలో నాకది గుర్తుకు రాలేదు.

జమ్మలమడుగు వచ్చి పెట్టె విప్పితే, మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంట్లో వైఫై లేదు. యాదో ఆఫీసులో పాతకాలంది. నీలాంటోళ్లు వస్తారని దాచిపెట్టినాడు. పోయి తిరిగిచ్చేసి రా."

తిరిగివ్వడమా? 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని మా నాయన అంగట్లో వేలాడే అట్ట రాసిందే నేను, ఆరో తరగతిలో. ఆ అట్ట చూపించి ఎంతమందిని తిప్పి పంపామో. ఇప్పుడు అదే మొహంతో ఇంకో అంగడి మెట్లెక్కలేను.

"ఈ రాతి గోడల్లో వైఫై యాడ పారుతుంది? మన ఇంటికి వైరే మేలు" అన్నాను. మొండితనానికి అన్న మాట. కనెక్షన్ ఇచ్చే కుర్రాడు వచ్చి, ఈ గోడలకు సిగ్నల్ ఒక్క గది దాటదని చెప్పాక, ముందే ఆలోచించి తెచ్చినదానిలా తలూపాను. మా కంప్యూటరుకు ఒక బెజ్జం చాలింది. మూడు ఖాళీ. అంగడి మనుషులకు ఖాళీ అరలు చూస్తే చేతులు ఊరుకోవు.

మా గోడ సంగతి చెప్పాలి. మా మామా, ఆయన తమ్ముడు చిన్నమామా చాలా ఏళ్ల కిందట ఇల్లు పంచుకుని, వాకిలి మధ్యలో గోడ కట్టారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పంపకాల కాగితం ఇద్దరి దగ్గరా ఒక్కో ప్రతి ఉంది. ఉమ్మడి గోడకు ఎవరూ మేకు కొట్టరాదు, బెజ్జం వేయరాదు, గోడ మీదుగా దండెం గానీ తీగ గానీ లాగరాదు. ఆ దండెం మాట ఊరికే రాయలేదు. అప్పట్లో తడిచీర నీళ్లు ఎవరి వైపు కారాయన్న దగ్గరే తగువు మొదలైందట.

మగవాళ్లకు మాటల్లేకపోయినా మిద్దె మీద మాకున్నాయి. చిన్నమామ కోడలిది పులివెందుల. లెక్కల్లో దిట్ట, బీయెడ్ చేసింది. రోజూ బస్సెక్కి పోయే ఉద్యోగం వద్దన్నారు అత్తమామలు. అందుకని ఇంట్లో కూర్చుని కంప్యూటరులో పిల్లలకు లెక్కలు చెప్పే పని వెతుక్కుంటోంది. ఒకరోజు మిరపకాయలు ఎండబోస్తూ చెప్పింది.

"పని ఇచ్చేవాళ్లకు ఫోన్ సిగ్నల్‌తో చెప్పి చూపిస్తాంటే పాఠం మూడు తూర్లు తెగిపోయిందక్కా. సోమవారం నాలుగ్గంటలకు ఇంకో తూరి చూస్తారంట. అది గూడ తెగితే ఇంక పిలవరు."

"మీ మామను కనెక్షన్ పెట్టియ్యమను."

"ముందు ఉద్యోగం రానీ, తర్వాత కనెక్షన్ అంటాడు. కనెక్షన్ లేకుంటే ఉద్యోగం ఎట్ల వస్తాది?"

చిన్నమామది పక్కా అంగడి బుద్ధి. గిరాకీ వచ్చాకే సరుకు తెస్తానంటాడు. నాకు ఒళ్లు మండింది. కిందికి దిగి మా పంపకాల కాగితం తీసి మొదటి నుంచీ చదివాను. గోడకు చెయ్యి ఆనించడానికి లేదు. కానీ చివర్లో ఒక మాట దొరికింది. మా వాకిట్లో పడిన వాననీళ్లు గోడ అడుగున ఉన్న తూములోంచి వాళ్ల వాకిట్లోకి, అక్కడి నుంచి వీధి కాలవలోకి పోతాయి. ఆ తూములో నీళ్లు పారడానికి ఎవరూ అడ్డు పెట్టరాదని రాశారు. నీళ్లు కాక ఇంకేదీ పోరాదని మాత్రం రాయలేదు.

ఆదివారం పొద్దున నీలం వైరును సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, కర్రతో తూములోకి తోశాను. అవతల ఆ పిల్ల లాగింది. రెండో కొస రూటరులో గుచ్చబోతుంటే గోడ అవతల చిన్నమామ గొంతు, కోడలితో.

"ఏంది ఈ వైరు? మ్మే, ఆ ఇంటోళ్లను అడుగు, కాగితం చదివినారా అని."

మా మామ పేపరు పక్కన పెట్టి లేచాడు. జవాబు తమ్ముడికి కాదు, నాకు చెప్పాడు. "చదివినామని చెప్పు. మనింట్లో గూడ చదువొచ్చినోళ్లు ఉండారని చెప్పు."

నేను కాగితం తెచ్చి తూము మాట గట్టిగా చదివాను.

"వైరు పెడితే నీళ్లకు అడ్డమే గదా" అన్నాడు చిన్నమామ. న్యాయమైన మాటే.

"నీళ్లు పోసి చూద్దాం చిన్నమామా. ఆగితే వైరు నేనే పీకేస్తా."

బిందెడు నీళ్లు తెచ్చి పోశాను. నీళ్లు కాస్త లోపలికి పోయి, అక్కడే నిలబడి, తిరిగి నా కాళ్ల మీదికి వచ్చాయి. గోడ అవతల చిన్నమామ తృప్తిగా దగ్గాడు. సోమవారం పాఠం నా బిందెలో మునిగిపోయినట్టే అనిపించింది.

కానీ సరుకు బాగలేదని ఒక్కసారి అంటే ఊరుకునే ఇంట్లో పుట్టలేదు నేను. "ఇప్పుడు వైరు తీసి పోస్తా. అప్పుడు గూడ ఆగితే తప్పు వైరుది కాదు" అన్నాను. గొట్టం లాగేసి ఇంకో బిందె పోశాను. ఆ నీళ్లూ ఆగాయి.

అవతల ఎవరో తూము దగ్గర వంగిన చప్పుడైంది. తర్వాత ఆ పిల్ల గొంతు, మెల్లగా, కానీ రెండిళ్లకూ వినపడేట్టు.

"మామా, మన పక్క తూములో ఇటుక పెట్టి సిమెంటు మెత్తినారు. పైన సందు మాత్రం ఉండాది."

మామగారి తప్పును పెద్దమామ ఇంటికి వినపడేలా చెప్పడానికి ఏ కోడలికైనా ఎంత గుండె కావాలో నాకు తెలుసు. నేను చేసిందంతా కాగితం చదవడమే.

"పందికొక్కులు వస్తాంటే పెట్టినాలే" అన్నాడు చిన్నమామ.

మా మామ గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఈసారి నాకు చెప్పలేదు. నేరుగా గోడతోనే అన్నాడు.

"ఎన్నేండ్లాయరా పెట్టి? వాన పడితే మా వాకిట్లో మడుగు కడతాండేది దీనికేనా?"

అదును అనుకుని నేను దూరాను. "చిన్నమామా, ఇటుక తీసి ఇనప జాలీ పెట్టుకో. పాత నీళ్ల సంగతి మేం ఎత్తం. వైరు మాత్రం ఉంటాది."

"రేపటి దాకా ఉండనీ."

"ఎప్పటికీ ఉండాల."

"కుదర్దు."

"సరే, నువ్వు మీ ఇంటికి కనెక్షన్ పెట్టిచ్చేదాకా."

"సరే" అన్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

సోమవారం నాలుగింటికి రూటరు ముందు పీట వేసుకుని కూర్చున్నాను. కంప్యూటరు వైరు పీకేశాను. రూటరు కరెంటు ప్లగ్గు జోలికి ఎవరొచ్చినా కాలు అడ్డం పెట్టాలని. ఒక్కటే పచ్చలైటు టకటకా కొట్టుకుంటూనే ఉంది, ఆగలేదు. గంట తర్వాత ఆ పిల్ల మిద్దె మీదికి రమ్మని పిలిచింది. తెగలేదట. పని ఇచ్చారట.

ఆ మాటకు ఇప్పటికి రెండు వానాకాలాలు దాటాయి. మా వాకిట్లో మడుగు లేదు. చిన్నమామ కనెక్షన్ పెట్టించలేదు, పెట్టించడు కూడా. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే లేచి రావాల్సింది. రెండోసారి కూడా గుర్తుకు రాలేదు.

మొన్న కనెక్షన్ కుర్రాడు రిపేరుకొచ్చి, వైరు తూములోకి పోవడం చూశాడు.

"అక్కా, ఇది రెండో ఇంటికి పోతాంది. ఒక కనెక్షన్ ఒక ఇంటికే."

నేను కాగితం కోసం లేచాను. అంతలోనే గోడ అవతల నుంచి చిన్నమామ అరిచాడు.

"రెండో ఇల్లు యాడిదిరా? ఇది ఒగటే ఇల్లు. మధ్యలో గోడుంటే ఇల్లు రెండవుతాదా?"

మా మామ పేపరు కిందికి దించి గోడ వైపు చూశాడు. నేను కుర్రాడికి పీట వేసి, "విన్నావు గదా, పని చూడు" అన్నాను.