మాత్ర మింగడానికి మంచమెందుకని అడిగిన నాగలక్ష్మక్క

నేను ఐదో తరగతి దాకే చదివాను. పేపరుకు రాయడం ఇదే మొదలు. అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. అయినా రాయకుండా ఉండలేకపోయాను. కల్లూరులో మా వీధి నాగలక్ష్మక్క పోయిన నెల చనిపోయింది. కబురు వచ్చినప్పుడు నేను రొట్టెల పిండి కలుపుతున్నాను. చెయ్యి అట్లాగే పిండిలో ఉండిపోయింది.

అక్క జాకెట్లు కుట్టేది. ఒకే వీధిలో ఉన్నా ఒకరి రోగం ఒకరికి తెలియదు. కర్నూలులో క్యాన్సరు డాక్టరు గది ముందు ఎదురుపడ్డాము.

"ఏమ్మే, మోకాళ్ల నొప్పులంటివి గదా!" అంది.

"నువ్వు గ్యాసంటివి గదక్కా!" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాము.

తర్వాత డాక్టరు నాకు సూదులు ఆపి, ఇంట్లో రోజూ మింగే మాత్రలు రాశాడు. చాలా ఖరీదు. మా ఆయన పైపుల కంపెనీలో చేస్తాడు, ఇన్సూరెన్సు ఉంది. అడిగితే, ఆస్పత్రిలో చేరలేదు కాబట్టి రాదన్నారు. ఇక మాత్రలు మానేద్దామనుకున్నాను. అక్క ఊరుకోలేదు. షేర్ ఆటో ఎక్కించి ఆ ఇన్సూరెన్సు ఆఫీసుకు తీసుకుపోయింది.

"బెడ్డు మీద ఎన్ని రోజులున్నారమ్మా?" అని అడిగాడు అక్కడి గుమాస్తా.

"ఏమప్పా, మాత్ర మింగేదానికి మంచమెందుకు? సూదిలో ఎక్కిస్తే మందు, నోట్లో ఏసుకుంటే బొరుగులా? మీ కాయితంలో ఏం రాసిండాదో సదువు, ఇంటాము" అంది అక్క.

ఆయన నవ్వుతూ చదివాడు. మింగే క్యాన్సరు మందులకూ డబ్బులిస్తామని అందులో ఉంది! డాక్టరు చీటీ, బిల్లులు, ఖాళీ మాత్రల అట్టలు తెమ్మన్నాడు.

అవి నా దగ్గరెక్కడివి? ఎవరైనా చూస్తారని మాత్రలన్నీ ఊడదీసి విబూది డబ్బాలో పోసుకుని, అట్టలూ బిల్లులూ పొయ్యిలో వేసేదాన్ని. బయటికొచ్చి చెప్తే అక్క తల కొట్టుకుంది.

"రోగమొస్తే సిగ్గెందుకే? యాడన్నా దొంగతనం చేసినావా?"

అప్పుడే మందుల షాపుకు పోయి బిల్లులు మళ్లీ తీయించింది. సూదులకు బదులే ఈ మాత్రలని డాక్టరుతో రాయించి, అట్టలు లేకపోయినా ఆ చీటీ, బిల్లులు ఆఫీసులో ఇప్పించింది. తనకు అట్లాంటి ఇన్సూరెన్సు లేదు. ఆ మాటెత్తితే, "నా సంగతి ఇడిసిపెట్టు. నువ్వు మాత్ర తప్పించగాకు" అనేది.

అక్క పోయిన నాలుగో రోజు, డబ్బులివ్వడానికి ఒప్పుకున్నామని ఇన్సూరెన్సు వాళ్ల మెసేజి ఫోనుకు వచ్చింది. ఆమెకు చెప్పలేకపోయానని ఏడ్చాను.

దినం నాడు వాళ్లింట్లో అందరి ముందు, నాకు క్యాన్సరు, నా మాత్రలు ఆగకుండా చూసింది అక్కేనని చెప్పాను. ఎదురింటామె నన్ను పక్కకు పిలిచింది.

"మా ఆయనకు గూడా మాత్రలే రాసిండారు. మాకూ ఇన్సూరెన్సు ఉండాది. ఆ ఆపీసు యాడుంది?"

అట్లాంటి మనిషి మా వీధికి మళ్లీ రాదు. బుధవారం ఎదురింటామెను నేనే తీసుకుపోతున్నాను. అట్టలన్నీ దాచిపెట్టమని చెప్పాను. రాసిన దాంట్లో తప్పులుంటే చదివేవాళ్లు మన్నించండి.